లెక్కకు రాని పద్నాలుగు కిలోమీటర్లు

పాతబస్తీ ఛత్రినాకలో ప్రేమ్‌రాజ్‌ను ఎరగనివాళ్లు తక్కువ. పదహారేళ్లుగా ఆటో తోలుతున్నా కిరాయి దగ్గర ఏనాడూ లొల్లి పెట్టుకోలేదు. అదేమంత గొప్ప కాదంటుంది అతని భార్య రాహేలు. పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పే మనిషి కదా ఆమె!

పాత ఆటో వదిలేసి బ్యాటరీ ఆటో అద్దెకు తీసుకుందామనుకున్నాడు. ఓనర్ రెండు దార్లు చెప్పాడు: ఎంత తిరిగినా రోజుకు ఐదు వందలు, లేదంటే రెండు వందలు, ఆపైన తిరిగిన ప్రతి కిలోమీటరుకూ నాలుగు రూపాయలు. ఏడాదంతా ఒకటే, మధ్యలో మార్చేది లేదు. నెలాఖరుకు సంతకం.

"రోజుకెంత తిరుగుతవ్?" అంది రాహేలు, కిలోమీటర్లను ఎక్స్ అనుకుని.

"అరవై."

రెండు వందలకు నాలుగు ఎక్స్ కలిపి ఐదు వందలకు సమానం చేస్తే ఎక్స్ డెబ్బై అయిదు వచ్చింది. "గా డెబ్బై అయిదు దాటకుంటే రెండోదే నయం. నీకు నాలుగు వందల నలభైలనే అయితది."

ప్రేమ్‌రాజ్ మొహం వెలిగిపోయింది. కానీ రాహేలు ఊరికే నమ్మే రకమా? వారం రోజులు పాత ఆటో మీటరు చూసి రాసుకుంది. రోజుకు ఎనభై నాలుగు!

"మిగిలిన ఇరవై నాలుగు ఏంది?"

"పది ఖాళీగ తిరిగిన. సవారి లేంది గదొక తిరుగుడా?" అన్నాడు. ఆటోవాళ్లందరి లెక్కా అంతే. మిగతా పద్నాలుగు చెప్పడానికి మాత్రం జంకాడు. పైసా తీసుకోని ముఫత్ సవారీలు మానమని రాహేలు ఎన్నిసార్లు పోట్లాడిందో!

"మహబూబున్నీసా ఖాలా..." అన్నాడు చివరికి.

పిన్ని వరసన అతను ఖాలా అని పిలిచే, జహనుమాలో చిన్నప్పటి పక్కింటావిడ. చూపు దాదాపు పోయినా రోజూ లాడ్ బజార్లో గాజులు అమ్ముకుంటుంది. పొద్దున దింపి, సాయంత్రం తీసుకొస్తాడు. అతని తల్లి పోయినప్పుడు మూడు రోజులు అతని ఇంట పొయ్యి వెలిగించనివ్వకుండా అన్నం పంపింది ఆవిడే.

రాహేలు మళ్లీ లెక్క వేసింది. ఎనభై నాలుగు కిలోమీటర్లకు రెండోదైతే ఐదు వందల ముప్ఫై ఆరు. పద్నాలుగు తీసేస్తే డెబ్బై కిలోమీటర్లు, నాలుగు వందల ఎనభై. అంటే ఖాలాను మానేసి రెండోది ఒప్పుకుంటే ఐదు వందల మీద రోజుకు ఇరవై రూపాయలు మిగులు. వాళ్లింట్లో ఇరవై అంటే చిన్న మాటా? ప్రేమ్‌రాజ్‌కు భయమేసింది. ఆమె మానెయ్యమంటే ఖాలాకు ఏమని చెప్పాలో అతనికి తెలియదు.



"ఐదు వందల దానికే సంతకం పెట్టు," అంది రాహేలు నోట్‌బుక్కు మూస్తూ. "కిలోమీటర్ల లెక్కయితే ఖాలా ఎక్కినప్పుడల్లా నీ కండ్లు మీటర్ మీదనే ఉంటయ్. చూపు లేకున్నా ఆమెకు తెలుస్తది."