సొంత మూట

మదనపల్లె కృపమ్మ ఇరవై వేసవులు దొరల సామాను నెత్తిన పెట్టుకుని హార్సిలీ కొండ ఎక్కింది. పైనున్న చెరువులను దూరం నుంచి చూడడమే గాని, కాళ్లు తడుపుకున్నది లేదు. మూట దించగానే దిగిరావాలి. ఖాళీగా నడుస్తున్నా ఆమె చేయి నెత్తి మీదికి పోతుంది, లేని మూటను పట్టుకోవడానికి. యుద్ధం ముగిశాక వచ్చిన ఈ వేసవిలో, పరుపులు కుట్టే గుల్జార్ బీతో కలిసి మూడు రోజులు ఆ చెరువుల దగ్గర ఉండి రావాలనుకుంది. గుల్జార్ బీ వీపుకు తగిలించుకునే గోనె సంచులు రెండు కుట్టి, భుజాలు ఒరుసుకోకుండా పట్టీల్లో దూది కూరింది. ఈ ప్రయాణం తలపు దేవుడిచ్చిందేనని కృపమ్మ నమ్మకం. కృపమ్మ తన సంచిలో రాగిపిండి, చింతపండు, బైబిలు సర్దుకుంది. ఇద్దరూ సంచులు వీపుకు తగిలించుకుని బయలుదేరేసరికి కూలీల మేస్త్రీ మారెప్ప వీధిలో అడ్డం నిలిచాడు.

"దొరసాని పెట్టెలు కాసుకోనుండాయి. యాడికి పోతాండావు?"

"కొండకేనప్పా."

"ఊరికే కొండకు పోయేదానికి నువ్వేమన్నా దొరసానివా? ఇప్పుడు పోతే మళ్లా పనికి పిలిసేది లేదు."

"పిలవొద్దులే."

"మరి వీపున ఆ మూట ఎవురిది?"

"నాది."

అలవాటుగా చేయి నెత్తి మీదికి లేచింది. అక్కడేమీ లేదు. ఆ చేతిని దించి గుల్జార్ బీ చేయి పట్టుకుని, మారెప్పను దాటి నడిచింది.