డార్లా కోసిన కుండ

చర్చి నేలమాళిగలోని కుండల తరగతిలో, ముప్పయ్యేళ్లు బడి బస్సు నడిపిన డార్లా చేతికి ఆరు వారాలుగా ఒక్క కుండా నిలవలేదు. ప్రతి శనివారం నడుముకు పాత తువ్వాలు బిగించి, మట్టిముద్ద మీద చిన్న ప్రార్థన చెప్పుకుని కుమ్మరి సారె తిప్పుతుంది. అది కూలుతుంది.

"ఇవాళా నిలవకపోతే, సారె వదిలి చేత్తో చేసే బల్లకు మారిపోండి," అన్నాడు గురువు హాలిస్ మెత్తగా.

"మీ కుక్కకు గిన్నె అయితే చాలదా?" అన్నాడు పక్క సారె మీద పనిచేస్తున్న రూబెన్, తన నీళ్ల ముంత ఆమె ముందుకు జరుపుతూ.

"మా కుక్కకూ ఓ మర్యాదుంది నాయనా."

ఈసారి ఆమె సారె మీది ముద్ద మాత్రం కుండగా లేచి నిలిచింది. రూబెన్ చప్పట్లు కొట్టాడు. డార్లా మట్టి కోసే తీగ తీసి దాన్ని నిలువునా కోసేసింది.

"అయ్యో, అదేంటండీ!" అన్నాడు రూబెన్.

"గోడ ఎలా వచ్చిందో కోసి చూస్తేనే తెలుస్తుందన్నది మన గురువుగారేగా?" తెగిన అంచును వేలితో తడిమింది. అడుగు నుంచి మూతి దాకా ఒకే మందం. "గుడ్డిదెబ్బ కాదులే," అంటూ ఇంకో ముద్దను సారె మీద ఠపీమని కొట్టింది.