మారన్న అగ్గిపెట్టెలో రొయ్య తోళ్ళు

మారన్నకు లెక్కపెట్టడం ఒక జబ్బులాంటిది. నలభై ఏండ్లు గొర్రెలు కాసిన కండ్లు మరి. బస్సెక్కితే ఎంతమంది కూర్చున్నారో, ఎంతమంది నిలబడ్డారో కండక్టరు కంటే ముందే చెప్పేవాడు. పెండ్లిలో భోజనానికి కూర్చుంటే వరస చివరిదాకా విస్తళ్ళు చూసి, "ఆ మూల ఇద్దరికి పప్పు రాలేదప్పా!" అని వడ్డించేవాళ్ళను కేకేసేవాడు. ఆ కేక పుణ్యమా అని కడుపు నింపుకుని లేచినవాళ్ళు క్యాతగానచెర్లులో చాలామందే ఉన్నారు.

ఊరి చుట్టూ భూములు సోలారు పలకల కిందికి పోయాక మేపుకోవడానికి బీడు మిగల్లేదు. మారన్న ఆసాముల జీవాలు వాళ్ళకు అప్పజెప్పి, తన మంద అమ్మేశాడు. భూమికి బాడిగ వస్తుంది, దేవుడి దయవల్ల తిండికి లోటు లేదు. లేనిదల్లా పొద్దున లేవగానే లెక్కపెట్టుకోవడానికి నాలుగు జీవాలు. కొన్నాళ్ళు ఆ పలకలే లెక్కపెట్టి చూశాడు. "ఎన్ని తూర్లు లెక్కబెట్టినా అన్నే ఉంటాయి. ఒగటి తప్పిపోదు, ఒగటి ఈనదు. ఏం బతుకప్పా వాటిది!" అని విసుగొచ్చి మానుకున్నాడు.

అతని ముందుగదిలో వినుత అనే అమ్మాయి బాడిగకు ఉండేది. సోలారు పార్కులో ఇంజనీరు. ఉడుపి దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు ఆమెది. వచ్చిన రెండేండ్లలో ఈ పక్క తెలుగు బాగానే పట్టుబడింది గాని, సముద్రం మీద బెంగ మాత్రం తీరలేదు. అందుకని బల్లమీద ఒక చిన్న గాజుతొట్టి పెట్టుకుంది. అందులో ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, వేలి కణుపంత రొయ్యలు ఏడు, శెనక్కాయంత గుల్లల్లో కాపురముండే బుల్లి పీతలు, ఈ పక్క ఎండ్రకాయలంటారు, రెండు. ఒకదానికి ఎర్రకాళ్ళు, ఇంకొకదానికి నీలికాళ్ళు. ఇవి తమకంటూ ఇల్లు కట్టుకోవు. ఎప్పుడో చచ్చిన నత్తల గుల్లల్లో దూరి, ఆ ఇంటినే వీపున మోసుకుంటూ తిరుగుతాయి.

"కూరకు చాలవు, పులుసుకు చాలవు, ఈటికి మళ్ళా కరెంటు గూడా!" అని మారన్న భార్య ఆంజినమ్మ మూతి తిప్పేది. తిప్పుతూనే పోతూ వస్తూ తొట్టిలోకి తొంగిచూసేది.

అక్క పెండ్లికని పన్నెండు దినాలు ఊరికి పోతూ, వినుత ఆ తొట్టిని మారన్నకు అప్పజెప్పింది.

"మామా, నీళ్ళు ఈ గీతదాకా ఉండల్ల. ఎండకు తగ్గితే ఈ క్యానులో మంచినీళ్ళు పొయ్యల్ల. పొద్దున చిటికెడు మేత. అంతే."

"జీవాలెన్నమ్మా?"

"రొయ్యలు ఏడు, ఎండ్రకాయలు రెండు."

"నోటిమాట గాదు. నా కండ్ల ముందర లెక్కబెట్టి అప్పజెప్పు."

బస్సుకు టైమవుతున్నా, పెద్దాయన మాట తోసెయ్యలేక ఆ పిల్ల సంచీ దించి లెక్కపెట్టింది. నవ్వుతూనే పెట్టింది. మారన్న నవ్వలేదు.

పరాయి మంద కాసేవాడికి ఒక కట్టుబాటు ఉంది. జీవం చస్తే దాని తోలు తెచ్చి ఆసామి ముందర వెయ్యాలి. తోలు చూపించలేనివాడు అమ్ముకున్నట్టో, కోసుకు తిన్నట్టో లెక్క. నలభై ఏండ్లలో మారన్న తోలు చూపించిన రోజులున్నాయి గాని, తోలు లేక తల దించుకున్న రోజు ఒక్కటీ లేదు. మంద పోయాక అతనికి మిగిలిన ఆస్తి ఆ పేరే.

మూడో దినం పొద్దున మేత వెయ్యబోయి మారన్న గావుకేక పెట్టాడు.

"ఆంజినీ! తోడేలు పడినాది!"

ఆంజినమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. "యాడప్పా?"

"తొట్టిలో!"

నీలికాళ్ళది ఒక రొయ్యను రెండు చేతులా పట్టుకుని తీరుబడిగా కొరుకుతోంది. మారన్న రొయ్యల్ని లెక్కపెట్టాడు. ఆరు. పుల్లతో దొంగ చేతిలోది విడిపించి బయటికి తీశాడు. మీసాలతో సహా తోలు మిగిలింది. అది ఆరబెట్టి అగ్గిపెట్టెలో దాచాడు. ఆరూ ఒకటీ ఏడు. లెక్క సరిపోయింది, నేరం రుజువైంది.

నీలికాళ్ళదాన్ని పట్టి తొట్టినీళ్ళతోనే నింపిన ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. ఒక రాయి, చిటికెడు మేత కూడా వేశాడు.

"దొంగకు కూడెందుకో?" అంది ఆంజినమ్మ.

"జైల్లో గూడా కూడు పెడతారే."

అతను అటు తిరగగానే ఆమె డబ్బాను కిటికీ ఎండలోనుంచి నీడకు జరిపింది.

ఐదో దినం ఇంకొక తోలు తేలింది. మారన్న గబగబా లెక్కపెట్టాడు. ఆరు. మళ్ళీ పెట్టాడు. ఆరే. అగ్గిపెట్టెలో తోళ్ళు రెండు, తొట్టిలో జీవాలు ఆరు.

"ఏడింటిలో ఎనిమిది ఎట్లొస్తాయే?"

"ఒగటి ఈనిండాదిలే."

"ఈనితే పిల్ల తల్లంత ఉంటాదా?"

"నువ్వు పుట్టినప్పుడు అట్లనే ఉంటివంట. మీయమ్మ చెప్తుండె."

మారన్నకు నవ్వు రాలేదు. జైల్లో ఉన్నవాడు తొట్టిలో ఉన్నదాన్ని ఎట్లా చంపుతాడు? నిరపరాధిని పట్టి పెట్టానేమోనన్న అనుమానం ఆ పొద్దంతా అన్నం సయించనివ్వలేదు. తెల్లారి విడిచిపెడదామని డబ్బా మూత తీశాడు. నీలికాళ్ళు, చేతులు, మీసాలు అన్నీ గుల్ల బయట పడి ఉన్నాయి. గుల్ల ఒక మూల బోర్లాపడి కదలడం లేదు.

మారన్న ఆంజినమ్మను కేకేశాడు. "నిందకు తట్టుకోలేక పానం ఇడిచినాడే!"

"ఆ పాపకు ఫోన్ చెయ్యప్పా."

"పెండ్లింటికి సావు కబురు చెప్తారా యాడన్నా?"

మారన్న ఆ నీలికాళ్ళను కూడా అగ్గిపెట్టెలో పెట్టుకుని, నాగలమడికలో సుబ్రహ్మణ్యస్వామి ముందర తప్పు ఒప్పుకోవడానికి బస్సెక్కాడు.

"ఏం మారన్నా, ఈపొద్దు మందెంతో చెప్పలేదే?" అన్నాడు కండక్టరు ఈరప్ప.

మారన్న తల ఎత్తలేదు. ఈరప్ప అతని ముఖం చూసి కిటికీ పక్కన చోటు ఇప్పించాడు.

గుడి దగ్గర పూలమ్మే ఓబమ్మ నాగరాళ్ళ మధ్య చిక్కుకుని గాలికి రెపరెపలాడుతున్న పాము కుబుసాన్ని మెల్లగా విడిపించి కండ్లకద్దుకుంటోంది.

"సామి పాతంగీ ఇడిచి పాయినాడప్పా," అంది మారన్నను చూసి.

మారన్న చేన్లలో కుబుసాలు ఎన్ని చూడలేదు! అయినా ఈరోజు కాలు కదలలేదు. జేబులోనుంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతికిచ్చి, జరిగిందంతా చెప్పుకున్నాడు. ఓబమ్మ ఒక రొయ్య తోలును అరచేతిలో పెట్టుకుని ఉఫ్ మని ఊదింది. అది దూదిపింజలాగా ఎగిరింది. నీలికాలు ఒకటి చిదిమి చూసింది.

"దీంట్లో కండ యాడుండాదప్పా? అంతా లొట్ట. వీపున చీలుకోని లోపలోడు బయటికి నడిచి పాయినాడు. ఇన్నేండ్లు తోళ్ళు చూసినోడివి, ఇది తెల్లేదా నీకు?"

మారన్న గుడివైపు అడుగేసి, మళ్ళీ బస్సువైపు అడుగేసి, మధ్యలో నిలబడిపోయాడు. ఓబమ్మ నవ్వి అతని సంచిలో రెండు మూరల పూలు పెట్టింది.

"నువ్వు పో. సామికి నేను చెప్తాలే."

ఇంటికొచ్చేసరికి ఆంజినమ్మ డబ్బా ముందర గొంతుక్కూర్చుని ఉంది. "ష్! అరవద్దు," అంది. గుల్లలోనుంచి ఆవగింజల్లాంటి రెండు కండ్లు, వాటి కింద కొత్త నీలికాళ్ళు, పాతవాటికంటే నిగనిగలాడుతూ బయటికొచ్చాయి.

మారన్న రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపాయ నాయనా." అది టక్కున లోపలికి దూరింది.

"నీతో మాట్లాడదంట," అంది ఆంజినమ్మ.

రెండు దినాలు ఆగి, కాళ్ళు గట్టిపడ్డాక దాన్ని తొట్టిలోకి విడిచాడు. తర్వాత ఇంకో రెండు తోళ్ళు తేలాయి. అవీ అగ్గిపెట్టెలో చేరాయి.

పన్నెండో దినం వినుత పెండ్లి లడ్లతో దిగింది. మారన్న లడ్డు ముట్టుకోలేదు. ముందు అగ్గిపెట్టె తెచ్చి బల్లమీద తెరిచిపెట్టి, జరిగిందంతా చెప్పాడు. "రొయ్య తోళ్ళు నాలుగు, ఎండ్రకాయది ఒగటి. జీవాలు తొమ్మిది. లెక్క చూసి ఒప్పుకోమ్మా."

వినుత కండ్లలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇవి పెరిగేకొద్దీ తోలు విడుస్తాయి మామా. కొత్త తోలు మెత్తగా ఉంటుందని రెండు దినాలు రాళ్ళ చాటున దాక్కుంటాయి. అందుకే నీకు ఆరే కనబడినాయి. ముందే చెప్పడం మరిచినా." అప్పుడు ఆమె పెద్దాయన ముఖం చూసింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. నవ్వు ఆపి, తోళ్ళు ఒక్కొక్కటీ తీసి చూసింది. తొట్టిలో మేత వేసి రొయ్యల్ని ఏడూ, ఎండ్రకాయల్ని రెండూ వేలితో చూపిస్తూ పైకే లెక్కపెట్టింది.

"లెక్క ఒప్పినాది మామా."

మారన్న అప్పుడు కూర్చుని లడ్డు నోట్లో వేసుకున్నాడు.

"మందకాసినోళ్ళకు కూలి ఏమిస్తారు మీ పక్క?" అని అడిగింది వినుత.

"ఏడాదికో గొర్రెపిల్లనిస్తారు."

"అయితే నీలికాళ్ళది నీదే. తొట్టిలోనే ఉంటుంది, కాని నీది."

మారన్న మంద మళ్ళీ మొదలైంది, ఒక్క జీవంతో. "గొర్రైతే చెవి కోసి గుర్తు పెడుతుంటివి. దీనికి చెవుల్లేవు గదా, నీదని ఎట్ల గుర్తుబడతావు?" అని ఆంజినమ్మ నిలదీసింది.

మారన్న తొట్టి దగ్గరికి ముఖం పెట్టాడు. ఎర్రకాళ్ళది తన మేత తాను తింటూనే ఉంది. నీలికాళ్ళది టక్కున గుల్లలోకి దూరింది.

"గుర్తెందుకే?" అన్నాడు మారన్న. "నన్ను చూసి తలుపేసుకునేది, అదో, అదే నాది."