షిఫ్ట్ కీకి ఒక పెడల్

2003లో తణుకులో నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉండేది. పక్కవీధి ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద తెలుగు టైపు చేసే సుభాషిణిగారికి చెరకురసం మిషన్లో పడి ఎడమచేతి వేళ్ళు పోయాయి. కుడిచేత్తో కొడుతున్నా, షిఫ్ట్ కీ పట్టుకుని ఇంకో కీ నొక్కాల్సిన అక్షరం వస్తే ఆగిపోయేవారు. తెలుగులో అవే ఎక్కువ. పెళ్ళిళ్ళ సీజన్లోగా వేగం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని ఓనరు చెప్పేశారు.

కుట్టుమిషన్ మోటారు పెడల్లో స్విచ్ అమర్చి, దాన్ని మైక్రోకంట్రోలర్‌కి కలిపాను. మనం రాసిన ప్రోగ్రామ్ ప్రకారం నడిచే చిన్న చిప్ అది. పెడల్ తొక్కితే, షిఫ్ట్ నొక్కినట్టు కంప్యూటర్‌కి చెబుతుంది. కొత్త వస్తువేదైనా బిగించేముందు కళ్ళకద్దుకోవడం నా అలవాటు. దాన్నీ అద్దుకునే బల్లకింద పెట్టాను. ఆవిడ ఒక శుభలేఖ ఆగకుండా కొట్టి నవ్వారు.

ఓనరు నవ్వలేదు. “అక్షరమంటే సరస్వతి. కాలితో తొక్కుతావేంటమ్మా?”

“మూలనున్న ట్రెడిల్ ప్రెస్సు మీ నాన్నగారు దేంతో తొక్కి అచ్చేసేవారండి?” అన్నారావిడ.

“అది మిషను.”

“ఇదేమన్నా దేవుడి పటమాండి?”

ఆయన నావైపు తిరిగారు. “మీరు చెప్పండి రాంబాబుగారూ. ఇందాక కళ్ళకద్దుకుంది మీరే కదా.”

తండ్రి కాలితో తొక్కిన అక్షరాల మీద బతికిన మనిషికి, ఈవిడ పాదం దగ్గరికొచ్చేసరికి సరస్వతి గుర్తొచ్చింది. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ అప్పుడు నేనన్నది వేరు. ఆయన నాకు పాత ఖాతాదారు. “పోనీ మోచేతికి పెడదాం లెండి” అని స్క్రూలు విప్పాను.

“కాలు నాది, పని నాది. మీరిద్దరూ తేల్చేసుకున్నారా అండి?” అన్నారు సుభాషిణిగారు.

మోచేత్తో నొక్కాలంటే ఒళ్ళంతా వంగాలి. కుడిచేతి వేళ్ళు కీలు తప్పేవి. సీజన్ మధ్యలోనే ఆవిడని మానిపించారు. పెడల్ని నేనే ఊడదీసుకొచ్చి ఒక టైలరు మోటారుకి బిగించేశాను.

తరవాత ఆవిడ షాపుకొచ్చారు. “నరసాపురంలో పని దొరికిందండి. నా పెడల్ ఇస్తారా?”

అది టైలరుకి బిగించేశానని చెప్పలేక, ఇంకోటి చేసిస్తానన్నాను.

ఆ రోజు నుంచి ఏది తయారుచేసినా, ఎక్కడ పెట్టమంటారని వాడే మనిషినే అడుగుతున్నాను. పక్కన ఎంత పెద్దమనిషి నిలబడినా సరే. ఇది నాకు నేర్పింది ఆవిడే.

“చేయండి. ఈసారి మాత్రం కళ్ళకద్దుకోకండి” అన్నారావిడ ఆ రోజు.

కొత్త పెడల్ని అద్దుకోలేదు. ఆవిడ కాలి దగ్గర పెట్టి, ఎత్తు సరిపోయిందా అని అడిగాను.