పొడిలో ఏముందని అడిగిన మా అత్త

బద్వేలులో మాకు కిరాణా అంగడి. టైఫాయిడ్ తగ్గి, యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన వారానికి, బలం వస్తుందని మా అత్త ఇచ్చిన పెద్ద గ్లాసుడు పాలు తాగి అంగట్లో కూర్చున్నాను. కాసేపటికే కడుపు ఉబ్బింది. పప్పులు తూస్తూ మధ్యలోనే లేచి ఇంట్లోకి పరుగెత్తాను. ఆ రోజు నాలుగు సార్లు విరేచనాలు.

రెండు వారాలు అంతే. జాకెట్లు వదులయ్యాయి. పాలు వద్దంటే అత్త ఒప్పుకోలేదు.

"అది పడదు, ఇది పడదంటే ఒళ్ళు ఎట్ల పట్టాల వాసవీ? మన ఇంట్లో పాలు పడనోళ్ళు యాడుండారు?"

నేను సాకులు చెబుతున్నానని ఆమె అనుకోవడం రోగం కంటే ఎక్కువ బాధించింది.

కడపలో డాక్టరు స్టూల్ టెస్ట్, బ్లడ్ టెస్ట్ చేయించారు. "ఇన్ఫెక్షన్ లేదమ్మా. లాక్టోజ్ ఇంటాలరెన్స్ లాగుంది, అంటే పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర మీకు అరగడం లేదు. జబ్బు చేశాక కొందరికి వస్తుంది, మెల్లగా పోతుంది. పాలు ఆపండి" అని, పేగుకు మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ పొడి రోజుకు మూడు పొట్లాలు రాశారు.

ఆ పొడి మా ఊరికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పాలు మానిన ఆ నాలుగు రోజులూ కడుపు నెమ్మదించింది. పొడి మొదలుపెట్టిన రెండో రోజుకు ఉబ్బరం, పరుగులు మళ్ళీ మొదలు. ఇక నేను బాగుపడనేమోనని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

"కాఫీ తాగినావా?" అంది అత్త.

"లేదత్తా."

"వండేది నేనే గదా, పాలచుక్క తగల్లేదు. కొత్తగా కడుపులోకి పోయింది ఆ పొడొక్కటే."

పొట్లం తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని మెడికల్ షాపుకు నడిచింది. ఆమెకు చదువు రాదు. "దీంట్లో ఏమేమి ఉండాయో అంతా సదువప్పా" అంది.

షాపతను బ్యాక్టీరియా పేర్లు చదివి ఆగాడు. "కిందది గూడా సదువు" అంది. సన్నటి అక్షరాల్లో ఆఖరున లాక్టోజ్ అని ఉంది. డాక్టరు చెప్పిన పాలలోని చక్కెర అదేనని అత్తకు చెప్పాను.

"పొడి నింపేదానికి కలుపుతారు పెద్దమ్మా" అన్నాడతను.

తిరిగి వస్తూ అత్త నా చేయి పట్టుకుంది. "నిన్ను శానా మాటలన్యాను" అంది.

ఎస్టీడీ బూత్ నుంచి డాక్టరుకు ఫోన్ చేశాం. "కొంచెం లాక్టోజ్ చాలామందికి ఏమీ చేయదు. మీ పేగు ఇంకా కోలుకోలేదు, అందుకే తట్టుకోలేదేమో. నేను చూసుండాల్సింది. ఆపేయండి" అన్నారు. షాపులో ఉన్న ఇంకో రకంలో పాలపొడి ఉంది. మూడో రకం క్యాప్సూల్‌లో రెండూ లేవు. డాక్టరును అడిగి, రోజుకు ఒకటి వేసుకున్నాను. మొదట్లో కొంచెం గ్యాస్, తర్వాత నెమ్మది. నెలన్నరకు తేరుకున్నాను. అది క్యాప్సూల్ గుణమా, కాలం గుణమా అని అడిగితే, "కచ్చితంగా చెప్పలేనమ్మా" అన్నారు డాక్టరు.

ఇప్పుడు మజ్జిగ, కొంచెం పాలు పోసిన కాఫీ పడుతున్నాయి. గ్లాసుడు పాలు మాత్రం ముట్టను. అంగట్లో పొద్దంతా కూర్చోగలుగుతున్నాను.

మీకు ఏదైనా పడకపోతే, ప్రోబయాటిక్ రాసేటప్పుడే డాక్టరుకు ఆ మాట చెప్పండి. కొనేముందు పెట్టె మీది చివరి వరుస దాకా చదివించుకోండి.