అంకుల్ లెవెల్స్ తప్పు చదవలేదు

అంకుల్ పోయారని పోయిన మంగళవారం పొద్దున చర్చి వాట్సాప్ గ్రూపులో చూశాను. సిడ్నీలో, ద పాండ్స్‌లో, ఆఫీసుకి బయల్దేరుతున్నాను. కారు తాళం చేతిలోనే ఉంది. ఏడుపు రాలేదు. ఇక ఆయనకి చెప్పే వీలు లేదు అన్నదొక్కటే తోచింది. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయన నాకు బంధువు కాదు. నేను సిడ్నీ రాకముందు, క్లేటన్‌లో నలుగురు అమ్మాయిలం ఇల్లు అద్దెకు తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళే రోజుల్లో మా తెలుగు చర్చిలో పెద్దాయన. బాపట్ల వైపు మనిషి. రోడ్ల శాఖలో సర్వేయరుగా చేసి, రిటైరయ్యాక ఆంటీతో కలిసి క్రాన్‌బర్న్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను సివిల్ చదువుతున్నానని తెలియగానే ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మాయ్, లెవెల్ మెషీను పట్టుకోవడం వచ్చా?" అన్నం తిన్నావా అన్నది ఆ తరవాత.

మా ఆరాధన అయ్యాక అదే హాల్లో మధ్యాహ్నం దక్షిణ సూడాన్ వాళ్ళ ఆరాధన. మేం కుర్చీలు సర్దుతుండగానే వాళ్ళు వచ్చేవాళ్ళు. అలా వాళ్ళ పాస్టరుతో అంకుల్‌కి స్నేహం కుదిరింది. తమ దేశంలో యుద్ధమని, ఊళ్ళొదిలి పారిపోయినవాళ్ళుండే అక్కడి శిబిరంలో పిల్లలు ఆడుకోడానికి జాగా లేదని పాస్టర్ ఒకరోజు చెప్పాడు. అందరం అయ్యో అన్నాం. అంకుల్ మాత్రం ఇంటికెళ్ళి, నేల ఎత్తుపల్లాలు కొలిచే తన లెవెల్ మెషీను తుడుచుకున్నారు. రెండు చర్చిలూ పంపిస్తే వెళ్ళి, అక్కడ వాలీబాల్ కోర్టు వేయించి వచ్చారు.

"కాల్పులు వినపడితే పిల్లలు బంతి పట్టుకుని బోర్లా పడుకుంటారమ్మాయ్. ఆగ్గానే లేచి సర్వ్ చేస్తారు. స్కోరు కూడా మర్చిపోరు" అని నవ్వుతూ చెప్పేవారు.

శనివారాలు వాళ్ళ పెరట్లో నాకు పని నేర్పేవారు. నేను పొడుగాటి కొలత కర్ర పట్టుకుంటే ఆయన మెషీన్లోంచి చూసి అంకె చెప్పి, రాసుకుని, రాసింది మళ్ళీ పైకి చదివేవారు. "కర్ర మీద అంకె పెద్దదైతే అక్కడ నేల పల్లం. తారుమారు చేశావో, నీళ్ళు నీ మాట వినవు" అనేవారు. "కోర్టు చదునుగా కనపడాలి గానీ చదునుగా ఉండకూడదు, వాన నీళ్ళు జారాలిగా" అనేది ఇంకో మాట. ఈలోగా ఆంటీ పెసరట్లు పోసేవారు.

నా ఆఖరి సంవత్సరంలో ఆయన రెండోసారి వెళ్ళారు, ఈసారి బాస్కెట్‌బాల్ కోర్టుకి. నేల కొలవడం అయ్యేసరికి దగ్గర్లోనే పోరు మొదలైంది. బయటివాళ్ళందర్నీ ఉన్నపళంగా విమానమెక్కించారు. ఆ హడావిడిలో ఆయన నోట్‌బుక్కు పోయింది. నైరోబీలో మలేరియాతో ఆసుపత్రిలో పడ్డారు. నోట్‌బుక్కు పోకముందు అందులో ఒక పేజీకి తీసిన ఫొటో నాకు పంపి, నీరసంగా వాయిస్ మెసేజ్ పెట్టారు: "అమ్మాయ్, వానల్లోపే కోర్టు వేసెయ్యాలని అక్కడి మేస్త్రీలు తొందరపడుతున్నారు. నువ్వు డ్రాయింగ్ గీసి నేరుగా వాళ్ళకే పంపెయ్. చూసే ఓపిక నాకు లేదు. నువ్వు చేస్తే నేను చేసినట్టే."

ఆదివారం. బీచ్‌లో బార్బెక్యూ అని ఫ్రెండ్స్ కారు బయట హారన్ కొడుతోంది. ఇరవై నిమిషాల్లో గీసేశాను. పెద్ద అంకెలున్న వైపు ఎత్తనుకున్నాను. నీళ్ళు ఎటు పోవాలో బాణం గుర్తు వేశాను. పైకి చదువుకోలేదు. పంపేసి కారెక్కాను.

మేస్త్రీలు నా బాణం ప్రకారమే కాంక్రీటు వేశారు. మొదటి వానకే కోర్టు మీది నీళ్ళన్నీ కాలవలోకి పోకుండా బాలింతలున్న ఆసుపత్రి టెంటులోకి పోయాయి. మోకాలి లోతు నీళ్ళలో పసిపిల్లల్ని ఎత్తుకుని బయటికి నడిచారట. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ నీళ్ళకి దారి చెయ్యడానికి, పిల్లలు ఇంకా ఆట మొదలుపెట్టని ఆ కోర్టుని ఒక పక్క గునపాలతో పగలగొట్టారు.

ఆ కబురు వచ్చిన రాత్రే ఫోన్లో ఆ పేజీ ఫొటో మళ్ళీ తెరిచి చూశాను. ఆయన అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి.

తిరిగొచ్చాక అంకుల్ హాలు వెనకాల నన్ను పక్కకి పిలిచారు. చిక్కిపోయి చొక్కా వదులైపోయింది. "కొలిచేటప్పటికే జ్వరం మొదలై కళ్ళు మసకేసి నేనే తప్పు చదివుంటాను. ఆ ఫొటో ఉందామ్మా నీ దగ్గర? నా ఫోన్లో చెరిగిపోయింది."

"లేదంకుల్. ఫోన్ మారింది."

ఆ ఫోను నా జేబులోనే ఉంది.

ఆయన తలూపి లోపలికెళ్ళి రెండు చర్చిల వాళ్ళ ముందూ నిలబడి, "తప్పు నాది. క్షమించండి" అన్నారు. నేను మూడో వరసలో తల దించుకుని కూర్చున్నాను. డిగ్రీ వచ్చేదాకా చెప్పకూడదనుకున్నాను. తరవాత ఉద్యోగం, తరవాత ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి పీఆర్. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మెషీను ఎవరికో ఇచ్చేశారని విన్నాను. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే "పెద్ద ఇంజనీరువయ్యావు, సంతోషం" అనేవారు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు క్రాన్‌బర్న్ వెళ్ళి ఆంటీకి ఫొటో చూపించి అంతా చెప్పాను. ఆవిడ ఫొటో పెద్దది చేసి ఆ అంకెలు చూశారు.

"కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టర్లు ఎంత చెప్పినా నమ్మలేదు" అన్నారు. "కారు నడపడం మానేశారు. బైబిలు కూడా నా చేతే చదివించుకునేవారు. ఇప్పుడిది నాకు చెప్పి నన్నేం చెయ్యమంటావమ్మా?"

 పైన రేకుల మీద చినుకులు టపటపమన్నాయి. ఆంటీ గబగబా పెరట్లోకి నడిచారు. వెనకే వెళ్ళాను. గాలికి తీగ మీద ఆరేసిన దుప్పటి ఎగిరిపడుతోంది. ఆవిడ నా మొహం చూడకుండానే, "ఆ చివర పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. చెరోవైపు లాగి, మడిచి, దగ్గరికొచ్చి, చివరలు ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ వెనక్కి నడిచాను. వాన పెద్దదవుతున్నా ఇద్దరం తొందరపడలేదు.