జత ప్యాడ్లకు అమ్మిన ఫార్వర్డ్

ముందే ఒప్పుకుంటున్న, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్ల తేలు కనపడితే, నేను వాకిట్లకు వచ్చి చెప్పేసరికి అది మేకపిల్లంత అయితది. చదివేవాళ్లు ఎవరికి తోచినంత వాళ్లు కోసేసుకోవచ్చు.

అరవై తొమ్మిదిల స్కూళ్లు, కాలేజీలు నెలలకొద్దీ మూతబడ్డయి. పొద్దున రోడ్డు మీద కూర్చొని జై తెలంగాణ అనుడు, సాయంత్రం చేవెళ్లల హాకీ ఆడుడు, ఆ ఏడు మేం చదివిన చదువంతా అదే. నేను గోల్‌కీపర్‌ను. ప్యాడ్లు లేక గోనెసంచులు మడిచి కాళ్లకు సుతిలితో కట్టుకునేటోణ్ణి. బంతి తగిలితే నా కేక వికారాబాద్ దాక పోయి తిరిగొచ్చేది.

మాకొక ఫార్వర్డ్ ఉండె, నా ఈడువాడే. కనకమామిడి నుంచి వచ్చేటోడు. ఎడమకు పెట్టు, కుడికి పెట్టు, నడుమ పెట్టు, వెనుక పెట్టు, ఎక్కడైనా ఆడుతడు. కుదిరిన నాడు బంతి వాని కర్రకు బంకతో అతికినట్టు పోయేది, ఎదుటివాళ్లు ఆట సగంలనే చెప్పులు వెతుక్కునేటోళ్లు. కుదరని నాడు మాత్రం పక్కనుంచి బంతి పోతుంటే దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి ఊరుకునేటోడు. ఏ నాడు ఎట్ల ఆడుతడో మాకు అంతుపట్టకపోయేది.

మొయినాబాద్ టీమ్ దగ్గర అసలైన ప్యాడ్లు ఒక జత ఉన్నయి. పట్నంల దుకాణాలు బంద్, కొనుక్కునే దారి లేదు. వాళ్లు కబురు పెట్టిండ్రు: "మీ ఫార్వర్డ్‌ను ఇయ్యుండ్రి, ప్యాడ్లు తీస్కపోండ్రి."

మా కెప్టెన్ నన్ను అడిగిండు. "గోల్‌ల నిలబడేటోనికి అందరి ఆట కనపడతది. చెప్పు, వీడు పదికి ఎంత చేస్తడు?"

నేను పశువుల అంగట్ల దళారి లెక్క, మా ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద కెప్టెన్ చేతిల రెండు వేళ్లు నొక్కిన, పదికి రెండని. అందరు నవ్విండ్రు. ఎదురుంగనే కూర్చున్న ఫార్వర్డ్ కూడా నవ్విండు.

"ఏందిరా, నాకు ఎంత కట్టినవ్?"

"నాలుగు జాగలల్ల ఆడుతవు, కాదంటలేను. నాలుగు ఆటలల్ల ఒక్కటే ఆడుతవు. నాలుగు పనులొచ్చిన ఎద్దు మూడు దినాలు పండుకుంటే ఎవడు కొంటడు?"

మళ్ల నవ్వులు. ఈసారి వాడు నవ్వలేదు.

"నేను పోను," అన్నడు కెప్టెన్‌తోని. "పుట్టినకాడ ఉన్నట్టున్నది నాకీడ. ఇంకొక్క ఆట చూడన్నా."

కెప్టెన్ నా దిక్కు చూసిండు. నేను గోనెసంచి దిక్కు చూసిన.

మూడు రోజులకు ప్యాడ్లొచ్చినయి.

తర్వాత తీరిగ్గ కూర్చుంటే లెక్క తెలిసింది. వాడు బాగ ఆడని ప్రతి రోజూ బంద్ రోజు. బస్సుల్లేక, మండే ఎండల ఏడెనిమిది మైళ్లు నడిచొచ్చి, ఆడి, మళ్ల నడిచి పోయేటోడు. ఈ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు.

మొయినాబాద్ వానికి దగ్గర. నెల తిరగకముందే వాళ్ల తరఫున మా మీదికి వచ్చిండు. ఎన్ని గోల్స్ కొట్టిండో చెప్పను, చెప్పినా మీరు కోసేస్తరు. చివరిదయితే నా కొత్త ప్యాడ్ల నడుమ నుంచే పోయింది. ఆట అయిపోయినంక దగ్గరికొచ్చి వంగి, ప్యాడ్ మీద కర్రతో మెల్లగ తట్టిండు.

"గట్టిగున్నయారా?"

"ఉన్నయి," అన్న.

ఆ తర్వాత మా ఇద్దరికి మాటల్లేవు.

తేలు, వికారాబాద్, అవన్నీ పెంచినవి. వట్టిగ పుట్టించింది ఒక్కటే: నడక సంగతి అప్పుడు తట్టలేదన్నది. ఒక బంద్ రోజు, ఆటకు ముందు, వాని అరికాళ్ల బొబ్బల మీద చెంబుతో నీళ్లు పోసింది నేనే. "ఎవ్వరికి చెప్పకురా, ఫికర్ చేస్తరు" అన్నడు. చెప్పలేదు. తువ్వాల కింద కూడా చెప్పలేదు.